ఆకాశం దారిన గోదావరిఖనికి

గోదావరిఖని చూడటానికి వెళ్తున్నానని చెబితే కాకినాడలో మా వీధివాళ్లు తికమకపడ్డారు. మా వీధిలో కాశీ వెళ్లొచ్చినవాళ్లున్నారు, కేరళ పడవల్లో తిరిగొచ్చినవాళ్లున్నారు. బొగ్గు గనుల ఊరికి సరదాగా బయలుదేరినవాళ్లు మాత్రం లేరు. "అక్కడ చూడటానికేముందండీ?" అని ఎదురింటావిడ అడిగింది. "ఎస్తేరు ఉంది" అన్నాను.

ఎస్తేరు గోదావరిఖని టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. నేను విదేశాల కాల్స్ కలిపే ఆఫీసులో చేశాను. మొదట ఆపరేటర్ని, ఆ తర్వాత ఉపగ్రహ భూకేంద్రంలో కాల్స్‌కి దారులు చూసే డెస్కులో ఉద్యోగం. అప్పట్లో దుబాయ్‌లో, మస్కట్‌లో ఉన్న మనిషితో మాట్లాడాలంటే ఇంటివాళ్లు ఎక్స్ఛేంజికి వచ్చి, కాల్ బుక్ చేసుకుని, బెంచీ మీద కూర్చునేవాళ్లు. ఎస్తేరు ఆ కాల్ నాకు అందించేది. నేను ఆకాశానికి అందించేదాన్ని. భూమితో పాటే తిరుగుతూ ఒకేచోట నిలబడ్డట్టుండే ఉపగ్రహం వైపు మా ఆవరణలోని పెద్ద గిన్నె యాంటెన్నా చూస్తూ ఉండేది. గొంతు ఇక్కడ ఎక్కి, పైన తాకి, ఎక్కడో ఎడారిలో ఇంకో గిన్నెలోకి దిగేది. ఒక దారి నిండిపోతే ఇంకో దారికి మళ్లించడం నా పని. లైను కోసం ఎదురుచూసే ఆ ఖాళీల్లోనే ఎస్తేరూ నేనూ స్నేహితులమయ్యాం. పిల్లల జ్వరాలు, కూరలు, బదిలీల భయాలు అన్నీ చెప్పుకున్నాం. ఎదురెదురుగా మాత్రం ఒక్కసారీ కూర్చోలేదు.

తర్వాత సముద్రం అడుగున కేబుళ్లు వచ్చాయి. మాటలన్నీ నీళ్లకిందికి దిగిపోయాయి. నేను రిటైరయ్యేనాటికి మా గిన్నె చుట్టూ గడ్డి పెరిగి మేకలు మేస్తుండేవి. మా పని ఇక పాత ఫోటోల్లో మిగిలేదేననుకున్నాను. కాదని తెలిసింది ఈ ప్రయాణంలోనే.

దాటిపోయిన స్టేషన్

సామర్లకోటలో రైలెక్కాను. పెరుగన్నం తిని, కిటికీ పక్కన వరంగల్ దాటాక వచ్చే పత్తిచేలను చూస్తూ ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. కళ్లు తెరిచేసరికి రైలు గోదావరి వంతెన మీద ఉంది. వానాకాలం ముగింపు కదా, నది రెండు ఒడ్లనూ ఒరుసుకుంటూ ఎర్రగా పోతోంది. ఎంత బాగుందో అని చూస్తూ కూర్చున్నాను. ఎదురు సీటాయన నా సంచి వైపు చూసి ఎక్కడ దిగాలమ్మా అని అడిగాడు. రామగుండం అన్నాను. అది వెనకే పోయిందనీ, ఇక మంచిర్యాలలో దిగి బస్సులో వెనక్కి రావాలనీ ఆయన చాలా మర్యాదగా చెప్పాడు.

మంచిర్యాలలో దిగి బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదని విని హాయిగా కూర్చున్నాను. కండక్టరు కూడా ఆడమనిషే. ఆధార్ కార్డు చూసి, కాకినాడ అడ్రసు చదివి, నవ్వుతూ నాకు టికెట్ పడుతుందని చెప్పింది. మా వైపు బస్సుల్లోనూ ఇప్పుడు ఆడవాళ్లకు ఉచితమేనన్నాను. "అయితె మీ బస్సుల మీరు ఫ్రీగ పోండ్రి, మా బస్సుల మేం పోతం" అంది. బస్సులో ఆడవాళ్లంతా నవ్వారు. ఆ నవ్వుల్లో నేనూ ఆ ఊరిదాన్నైనట్టు అనిపించి, టికెట్ డబ్బులు ఇవ్వడం బాధనిపించలేదు.

ఆ విధంగా గోదావరిని ఒకే మధ్యాహ్నం రెండుసార్లు దాటాను. దూరంగా కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపించాయి. రోడ్డు అంచులు నల్లగా మారాయి. చెట్ల ఆకుల మీద కూడా సన్నటి నల్లపొడి. మా వైపు దుమ్ము ఎర్రగా ఉంటుంది, ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. ఇక్కడ తెల్లచీర కట్టుకోవడమంటే ధైర్యమేనని ఎస్తేరు ఎప్పుడో ఫోనులో అన్నది గుర్తొచ్చింది.

చౌరస్తాలో నా కోసం నిలబడి ఉంది. పొట్టిగా, గుండ్రంగా, తెల్లచీర కట్టుకుని. నా ఊహలో ఎప్పుడూ సన్నగా పొడుగ్గా ఉండేది, ఆ గొంతు అలాంటిది మరి. "వసుంధరక్కా" అని పిలవగానే కళ్లు మూసుకున్నాను. కళ్లు మూసుకుంటేనే ఆమెను బాగా గుర్తుపట్టగలిగాను.

ఏ షిఫ్టు?

ఎస్తేరు వాళ్లది పాత కార్మికుల కాలనీకి ఆనుకుని కట్టుకున్న చిన్న ఇల్లు. భర్త దేవదానం గనిలో పనిచేసి రిటైరైన మనిషి. మాట తక్కువ. ఎదుటివాళ్ల పళ్లెం ఖాళీ అవకుండా చూడటంలో మాత్రం ఆయనను మించినవాళ్లు లేరు. ఆ సాయంత్రం మక్కగారెలు, నాటుకోడి కూర పెట్టారు. లేత మొక్కజొన్న గింజలు రుబ్బి, అందులో పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ వేసి కాల్చిన గారెలు. మా వైపు గారె అంటే మినపపప్పే. మొదటి ముక్కను అనుమానంగా చూశాను, ఆ తర్వాత లెక్కపెట్టలేదు. పచ్చిపులుసులో నువ్వులపొడి కలుపుతారని కూడా ఇక్కడే తెలిసింది. ఇంటికొచ్చాక అలాగే చేసుకుంటున్నాను.

ఈ ఊళ్లో పలకరింపు కూడా వేరు. మా వైపు దారిలో ఎవరైనా ఎదురైతే భోజనమైందా అంటాం. ఇక్కడ "ఏ షిఫ్టు?" అంటారు. ఎవరు పొద్దున దిగుతారో, ఎవరు రాత్రికి ఎక్కుతారో ఇంటింటికీ తెలుసు. రాత్రి డ్యూటీ చేసి పడుకున్న మనిషి ఉన్న ఇంటి ముందు పిల్లలు కూడా అరవకుండా ఆడుకుంటారు. సైరన్ మోగగానే వీధి మొత్తం ఒకసారి కదులుతుంది. కుక్కర్లు దిగుతాయి, మోటారు సైకిళ్లు బయలుదేరుతాయి. గనిని ఇక్కడివాళ్లు బాయి అంటారు. "బాయికి పోయిండు" అంటే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు.

గేటు ముందు మిర్చి బండి

మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళకు ఎస్తేరు నన్ను గని గేటు దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ కనకమ్మ మిర్చి బండి ఉంది. మా కాకినాడలో మిరపకాయ చీల్చి, వాము పెట్టి, మీద ఉల్లిపాయ చల్లి బజ్జీ అంటాం. ఇక్కడ మిర్చి అంటే మిర్చే, చీల్చడాలూ చల్లడాలూ లేవు. ప్లేటు ముప్పై రూపాయలు. గని నుంచి వచ్చిన మనుషులు మొహాలు కూడా కడుక్కోకుండా ముందు ఇక్కడికే వస్తున్నారు.

నాకు వింతగా తోచిందేమిటంటే, ఎవరూ ఆమెతో మాట్లాడటం లేదు. తింటున్నారు, డబ్బులు పెడుతున్నారు, తల దించుకుని పోతున్నారు. కనకమ్మ మాత్రం కళ్లెత్తకుండా పిండి కలుపుతూ, కాయ ముంచుతూ, నూనెలో వదులుతూ ఉంది.

ఎస్తేరు నన్ను పక్కకు తీసుకెళ్లి సంగతి చెప్పింది. కనకమ్మ భర్త సమ్మయ్య ఇక్కడి గనిలో ఓవర్‌మన్‌గా, అంటే షిఫ్టులో కార్మికుల భద్రత చూసే మనిషిగా చేసి రిటైరయ్యాడు. ఊరికే కూర్చోలేక, ఆఫ్రికా తూర్పు తీరంలోని ఒక దేశంలో బొగ్గు గనికి కాంట్రాక్టు మీద వెళ్లాడు. వారం కిందట అక్కడ పెద్ద తుఫాను వచ్చింది. సముద్రంలో కేబుల్ తెగి ఆ దేశానికి ఫోన్లు, ఇంటర్నెట్టు పోయాయి. రెండురోజుల తర్వాత పనులకు మనుషులను పంపే దళారి ఎవరికో ఫోన్ చేసి, ఆ గనిలోకి నీళ్లు వచ్చాయనీ, లోపలున్నవాళ్లెవరూ మిగల్లేదనీ చెప్పాడు. ఎవరు చూశారో, ఎవరు చెప్పారో తెలియదు. ఆ మాట కాలనీ మొత్తం పాకింది. సమ్మయ్య అన్న రాజం ఊరి నుంచి చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంటి ముందు ఏడుపులు మొదలయ్యాయి. జరగాల్సినవి జరిపించాలని పెద్దవాళ్లు అంటున్నారు. కనకమ్మ ఒప్పుకోలేదు. బండి తోసుకుని రోజూ గేటుకు వస్తూనే ఉంది.

నేను బండి దగ్గరికి వెళ్లాను. ఏమనాలో తెలియక ఇంకో ప్లేటు అడిగాను. ఎస్తేరు నన్ను పరిచయం చేసి, అక్క విదేశాల ఫోన్లు కలిపిన మనిషి అని చెప్పింది. కనకమ్మ అప్పుడు మొదటిసారి తలెత్తింది.

"అందరు ఏడ్వమంటున్నరక్క" అంది. "మనిషిని చూపియ్యరు, గొంతు ఇనిపియ్యరు. ఎవల కోసం ఏడ్వాలె? ఆయన గొంతు ఇన్నదాంక నేను గాజులు తియ్య."

తిరిగొచ్చిన హలో

ఏ ఫోనూ రాలేదా అని అడిగాను. ఆయనది రాలేదంది. తుఫాను తర్వాత ఏవో దొంగ ఫోన్లు మాత్రం వచ్చాయట. వింత నంబర్లు, ఎత్తితే డబ్బులు పోతాయని అందరూ చెప్పారు. ఒకసారి మాత్రం ఆశ ఆపుకోలేక ఎత్తింది.

"ఎత్తి హలో అన్న. ఎవలు పలకలే. జెరసేపటికి నా హలో నాకే మళ్లొచ్చింది. ఎవడో ఎక్కిరిస్తున్నడని పెట్టేసిన."

నా చేతిలో మిర్చి అలాగే ఉండిపోయింది. మళ్లీ చెప్పమన్నాను. హలో అన్నాక ఎంతసేపటికి తిరిగొచ్చింది, సన్నగా వచ్చిందా, ముందు కాస్త బరబర చప్పుడుందా అని అడిగాను. ఆమె చెప్పిన ప్రతి గుర్తూ నాకు తెలిసిందే. నా ఉద్యోగంలో సగం కాలం ఆ చప్పుడు మధ్యే గడిచింది. పైకెక్కి దిగే కాల్‌లో మన గొంతు అవతలి ఫోనుకు తగిలి, ఆకాశం మీదుగా మళ్లీ మనకే వస్తుంది. కేబుల్ కాల్‌లో అంత ఆలస్యంగా రాదు.

ఆ నంబరు చూపించమన్నాను. ఆమె నూనె చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను తీసింది. ముందున్న కోడు ఏ దేశానిదీ కాదు. ఉపగ్రహ ఫోన్లకు మాత్రమే ఇచ్చే కోడు అది.

"కనకమ్మా, ఇది దొంగ ఫోను కాదు" అన్నాను. "ఆకాశం నుంచి వచ్చిన కాల్. ఆ గని దగ్గర ఉపగ్రహ ఫోను ఉన్నట్టుంది. ఎవరో నీ నంబరు గుర్తుపెట్టుకుని చేశారు."

ఎవరో అన్నాను కానీ ఆయనే అనలేదు. అనడానికి నాకు ధైర్యం చాలలేదు. ఎస్తేరు నా మొహం వంక చూసి స్టవ్ ఆపేసింది. అక్కడికక్కడే తిరిగి చేసి చూశాం. ప్రీపెయిడ్ మొబైల్ నుంచి ఆ కోడుకు కాల్ పోదని ఫోనులో ఆడగొంతు హిందీలో చెప్పింది. విదేశాలకు మాట్లాడే సదుపాయమున్న ల్యాండ్‌లైన్ కావాలి. పొద్దున టెలిఫోన్ ఆఫీసు తెరవగానే వెళ్దామనుకున్నాం. ఆమెను దింపడానికి వెళ్తే గుమ్మంలో రాజం ఎదురయ్యాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు, తమ్ముడి కోసం కళ్లు వాచిపోయి ఉన్నాయి. రేపు కర్మ జరిపించడానికి అన్నీ మాట్లాడేశానన్నాడు. కనకమ్మ ఆయన ముందు నిలబడి, రేపు మధ్యాహ్నం వరకు ఆగమంది. అంతే, ఇంకో మాట అనలేదు. ఆయన ఆగాడు.

టెలిఫోన్ ఆఫీసు

ఎస్తేరు పనిచేసిన ఎక్స్ఛేంజి ఇప్పుడు సగం గదులకు తాళాలు వేసి ఉంది. అప్పటి బోర్డులూ తీగలూ పోయి, పెద్ద హాల్లో బీరువా అంత యంత్రాలు రెండు మాత్రం గుయ్యిమంటున్నాయి. ఎస్తేరు తను కూర్చున్న చోటు చూపించింది. అక్కడిప్పుడు నీళ్ల క్యాన్లు పెట్టారు. ఆఫీసరు శ్రీనివాస్ మా మాటంతా విని, తన గదిలోని ఫోను మా ముందుకు జరిపాడు. ఏ కాగితమూ అడగలేదు. వాళ్ల నాన్న కూడా గనిలో చేసినవాడేనని తర్వాత తెలిసింది.

నంబరు తిప్పాను. "ఈ మార్గంలో లైన్లన్నీ నిండుగా ఉన్నాయి" అని వచ్చింది. మళ్లీ తిప్పాను, అదే మాట. నిజంగా నిండాయా, లేక దారే లేదా అని నాకు అనుమానం వచ్చింది. నా దగ్గర పని నేర్చుకున్న నిర్మల ఇప్పుడు విదేశీ కాల్స్ చూసే ఒక కేంద్రంలో ఉంది. ఆమెకు ఫోన్ చేశాను. క్షేమసమాచారాలు పక్కనపెట్టి సంగతి చెప్పాను.

నిర్మల కాసేపటికి తిరిగి చేసింది. నా అనుమానం నిజమేనంది. ఆ ఉపగ్రహ కోడుకు పోయే కాల్స్‌ని తెగిన కేబుల్ మీదుగానే ఒక భూకేంద్రానికి పంపుతున్నారు. దారి సముద్రంలోనే ఆగిపోతోంది, పైదాకా వెళ్లడమే లేదు. ఇంకో దేశంలోని భూకేంద్రం మీదుగా మళ్లిస్తే పోతుంది. కానీ డ్యూటీలో ఉన్న పెద్దాయన ఒప్పుకోవాలి.

"ఒక్క కాల్ కోసం అడగొద్దు నిర్మలా" అన్నాను. "ఆ తీరంలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో. అందరి ఇళ్లలోనూ ఇదే జరుగుతుంటుంది. అందరి కోసం అడుగు."

ఇక ఎదురుచూడటమే. శ్రీనివాస్ టీ తెప్పించాడు. ఎవరూ తాగలేదు. ఆ సమయంలో కనకమ్మకు ఒక సంగతి నేర్పాను. నీ మాట పైకెక్కి, దిగి ఆయన దాకా పోవాలి, ఆయన మాట మళ్లీ అదే దారిన రావాలి, మధ్యలో ఖాళీ వస్తుంది, ఆ ఖాళీలో భయపడి మళ్లీ హలో అంటే రెండు మాటలూ గుద్దుకుంటాయని చెప్పాను. ఎంతసేపు ఆగాలని అడిగింది. ఒక గుక్క ఊపిరంత అన్నాను. ఆమె కూర్చుని ఊపిరి తీస్తూ, వదులుతూ సాధన చేసింది. ఎస్తేరు పక్కన కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది.

ఫోను మోగింది. నిర్మల. "దారి తెరిచారు మేడం. ఇప్పుడు చెయ్యండి."

తిప్పాను. నిశ్శబ్దం. ఉపగ్రహ కాల్ కలవడానికి టైము పడుతుందని నాకు తెలుసు, అయినా ఆ నిశ్శబ్దం మోయలేకపోయాను. తర్వాత దూరంగా రింగు. స్పీకరు నొక్కాను. ఎవరో ఎత్తి నాకు తెలియని భాషలో మాట్లాడారు. కనకమ్మ ముందుకు వంగి, ఒక్కో అక్షరం విడదీసి "సమ్మయ్య" అంది. అవతల ఆ మనిషి అదే పేరు, వాళ్ల యాసలో, గట్టిగా ఎవరినో పిలిచాడు. అడుగుల చప్పుడు. గాలి చప్పుడు.

"హలో" అని వచ్చింది.

కనకమ్మను వెతుక్కుంటూ వచ్చిన రాజం ఆ క్షణాన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన మొహం చూస్తే తెలిసింది, అది ఎవరి గొంతో. కనకమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"తిన్నవా?" అంది.

ఆగింది. నేను చెప్పినట్టే, ఊపిరి బిగబట్టి. ఆమె మాట ఆమెకే సన్నగా తిరిగొచ్చింది. ఆ తర్వాత ఆయనది వచ్చింది.

"తిన్న. నువ్వు తిన్నవా? మూడుసార్లు ఫోను చేసిన గదనే. ఎత్తి పెట్టేసినవ్."

"నా గొంతే నాకు మళ్లొచ్చింది. ఎవడో దొంగోడనుకున్న."

మళ్లీ ఊపిరంత ఖాళీ. తర్వాత ఆకాశం నుంచి ఆయన నవ్వు దిగింది. గదిలో ఉన్న మేమందరం ఒక్కసారిగా ఏడ్చాం, ఆమె తప్ప.

ఆయన గబగబా చెప్పాడు. నది కట్ట తెగి బాయిలోకి నీళ్లు వచ్చాయి. కింది నుంచి వచ్చే గాలి మారడం ముందే కనిపెట్టి, పాత గాలిమార్గం గుండా అందరినీ పైకి నడిపించాడు. మనవాళ్లు, ఆ దేశంవాళ్లు, అందరూ బయటపడ్డారు. రోడ్లు కొట్టుకుపోయాయి. క్యాంపులో ఒకే ఉపగ్రహ ఫోను, దాని కోసం వరస. కాలు కాస్త బెణికింది, అంతే.

"నా ఎనుక మంది ఉన్నరు, పెడ్తున్న" అన్నాడు. "కమాన్‌పూర్ మల్లేశం, మంచిర్యాల రవీందర్, ఇద్దరు నా పక్కనే ఉన్నరు. వాళ్ల ఇంట్ల చెప్పు. రేపు గిదే టైముకు మళ్ల చేస్త. ఈసారన్న ఎత్తు."

లైను ఆగింది. అప్పుడు కనకమ్మ కుర్చీలోంచి లేచి, నా రెండు చేతులూ పట్టుకుని, తన నుదుటికి ఆనించుకుంది. నుదుటి మీద బొట్టు చెమటకు కరిగి నా వేళ్లకు అంటింది. రాజం నేల మీద కూలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

"ఇంటికి పోదాం బావ" అంది. "వచ్చిన చుట్టాలకు అన్నం వండాలె."

మేము మెట్లు దిగుతుంటే నిర్మల మళ్లీ ఫోన్ చేసింది. ఆ దారిలో కాల్స్ వరసగా ఎక్కుతున్నాయట. కేరళ నుంచి, గుజరాత్ నుంచి, పంజాబ్ నుంచి. "మన పాత రోజుల్లా ఉంది మేడం" అంది. మేకలు మేసిన మా గిన్నె గుర్తొచ్చి, ఆ వయసులో, ఆ మెట్ల మీద, గర్వంతో నిటారుగా నిలబడ్డాను. ఎస్తేరు నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంకో కాల్ కలిపినం అక్కా" అంది.

కమాన్‌పూర్

మల్లేశం, రవీందర్ ఇళ్లకు ఫోనులో చెప్పొచ్చు కదా అని నేనన్నాను. కనకమ్మ ఒప్పుకోలేదు. "ఫోన్ల ఇన్న మాటకే వాళ్లు ఏడుస్తున్నరు. ఇంకో ఫోను నమ్ముతరా? మనిషి పోవాలె" అంది. ఆ మధ్యాహ్నమే ఆటో మాట్లాడుకుని బయలుదేరాం. ఆటో అతను సంగతి విని అడిగిన దాంట్లో సగమే తీసుకున్నాడు.

కమాన్‌పూర్ దారిలో ఎత్తయిన గుట్టలు కనిపించాయి. కొండలనుకున్నాను. ఓపెన్‌కాస్ట్ గని తవ్వి పోసిన మట్టి అని ఎస్తేరు చెప్పింది. కొన్నిటి మీద చెట్లు కూడా మొలిచాయి. ఒకచోట ఆటో ఆపించి గని చూపించారు. భూమిని మెట్లుమెట్లుగా కోసి, అడుగున నల్లటి పొర తెరిచారు. అక్కడ తిరిగే డంపర్లు పైనుంచి చీమల్లా ఉన్నాయి. నిజానికి ఒక్కో చక్రం మనిషి కంటే ఎత్తట. ఇంతలో సైరన్ కూసి, అరికాళ్ల కింద నేల అదిరింది. బ్లాస్టింగ్. నేను ఎస్తేరును గట్టిగా పట్టుకున్నాను. ఆటో అతను బీడీ వెలిగించుకుంటూనే ఉన్నాడు.

మల్లేశం వాళ్ల ఇంటి ముందు నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అతని తల్లి లచ్చవ్వ గోడకు చేరగిలబడి ఉంది. చాలా ముసలామె. కనకమ్మను చూడగానే, ఈమె కూడా ఏడవడానికే వచ్చిందనుకుని చేతులు చాపింది. కనకమ్మ ఆ చేతులు పట్టుకుని, ముందు ఆమె ఎదురుగా సరిగ్గా కూర్చుంది.

"అవ్వా, నీ కొడుకు బతికున్నడు. మా ఆయన పక్కనే ఉన్నడు."

లచ్చవ్వ ఆమె చేతులు ఇంకా గట్టిగా పట్టుకుంది. "నీ చెవులతోని ఇన్నవా?" అని అడిగింది. కనకమ్మ ఇన్ననంది. ముసలామె నావైపు తిరిగి నన్నూ అదే అడిగింది. ఎస్తేరునూ అడిగింది. ముగ్గురం చెప్పాక లేచి, గోడ పట్టుకుని లోపలికి నడిచింది. ఏమైందోనని నేను కంగారుపడి వెనకే వెళ్లాను. పొయ్యి వెలిగిస్తోంది. దళారి మాట తెలిసిన దగ్గర్నుంచి ఆ పొయ్యి వెలగలేదని పక్కింటావిడ చెప్పింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కారం కలిపి గిన్నెకు అద్ది కాల్చి, మా అందరికీ సర్వపిండి పెట్టింది. అడుగు కాస్త మాడింది. నేను తిన్నవాటిలో అంత రుచైనది ఇంకొకటి లేదు.

మంచిర్యాల

మర్నాడు సమ్మయ్య చెప్పిన వేళకు ఫోను వస్తుంది కాబట్టి కనకమ్మ కదలడానికి లేదు. నేను ఎలాగూ వెనక్కి రైలెక్కాలి. మంచిర్యాలలోనే ఎక్కుతాననీ, రవీందర్ ఇంట్లో నేనే చెబుతాననీ అన్నాను. చౌరస్తాలో ఎస్తేరు నన్ను వదలలేదు, నేనూ ఆమెను వదలలేదు. రెండు బస్సులు పోయాక ఎక్కాను. ఈసారి ముందే టికెట్ డబ్బులు చేతిలో పట్టుకున్నాను.

రవీందర్ తండ్రి హనుమంతు స్టేషనుకు దగ్గర్లోనే కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. వెళ్లేసరికి ఒక మిషను విప్పి, ఆ ముక్కలను ఊరికే అటూ ఇటూ జరుపుతున్నాడు. నేను మిషను ఇవ్వడానికి వచ్చాననుకుని, పది రోజులు పడుతుందన్నాడు. నేను పేరు చెప్పి, ఎక్కడి నుంచి వచ్చానో చెప్పి, మీ అబ్బాయి క్షేమంగా ఉన్నారండీ అన్నాను.

ఆయన నన్ను నమ్మలేదు. నా చీర, నా మాట, నా ఊరు ఏవీ ఆయన కొడుకుకు దగ్గరివి కావు. దళారి మాట తెచ్చిన మనిషి కూడా ఇలాగే ఎక్కడి నుంచో వచ్చాడట. "సమ్మయ్య ఏమన్నడో గది చెప్పు" అన్నాడు. "నీ మాట గాదు. ఆయన మాట."

నేను కళ్లు మూసుకున్నాను. ఇన్నేళ్లు కాల్స్ కలిపాను కానీ, కలిపాక ఎవరేమి మాట్లాడుకున్నారో ఎప్పుడూ వినలేదు. వినకూడదు, మా పని అది. ఈ ఒక్క కాల్ విన్నాను. విన్నది విన్నట్టు, ఆ యాసలోనే, నాకు చేతనైనంత సరిగ్గా చెప్పాను.

"కమాన్‌పూర్ మల్లేశం, మంచిర్యాల రవీందర్, ఇద్దరు నా పక్కనే ఉన్నరు. వాళ్ల ఇంట్ల చెప్పు."

ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాడు. లేచి దుకాణం షట్టరు దింపాడు. తను చెబితే ఇంటావిడ నమ్మదనీ, ఓదార్చడానికి అబద్ధం చెబుతున్నాడనుకుంటుందనీ, నన్నే వచ్చి చెప్పమనీ అన్నాడు. మాట్లాడుతూనే ముందు నడిచాడు, నేను సంచితో ఆయన వెనక పరుగులాంటి నడక నడిచాను. స్టేషనులో నా రైలు వస్తున్నట్టు మైకులో చెబుతున్నారు. రైళ్లు ఇంకా చాలా ఉంటాయి.

ఆవిడ వాకిట్లో కుళాయి కింద బిందె పెట్టి నిలబడి ఉంది. భర్త వెనక నన్ను చూసి ఆమె మొహం పాలిపోయింది. నేను ఆమె దగ్గరిదాకా వెళ్లి, అదే మాట, అదే యాసలో చెప్పాను. బిందె నిండి నీళ్లు పొర్లి మా ఇద్దరి కాళ్లూ తడిశాయి. ఆమె వంగి కుళాయి కట్టేసింది, చప్పుడు లేకుండా వినడానికి.

"ఇంకోసారి చెప్పు" అంది.

చెప్పాను. పక్కింటివాళ్లు వచ్చారు, వాళ్లకూ చెప్పాను. రవీందర్ భార్య బడి నుంచి పిల్లను తీసుకుని వచ్చింది, ఆమెకూ చెప్పాను. అడిగినవాళ్లందరికీ, అడిగినన్నిసార్లు చెప్పాను.